అప్‌గ్రేడ్ తర్వాత కాటా కంప్యూటర్ ఎమర్జెన్సీ మోడ్‌లో ఆగిపోయిందా? యూడెవ్ తప్పు ఎంతవరకు?

తమ్ముడూ, ముందు నీ ప్రశ్నని నాలుగు ముక్కల్లో చెప్పేస్తాను, చదివే మిగతావాళ్ళకీ అర్థమవుతుంది. బుచ్చిరెడ్డిపాళెం దగ్గర రైస్ మిల్లు. ఆఫీసులో పాత పీసీ. కాటా ఇండికేటర్ నుంచి యూఎస్‌బీ సీరియల్ కన్వర్టర్ ద్వారా దానికి వైరు వస్తుంది. బ్యాకప్ కోసం లోపల రెండో హార్డ్‌డిస్కు ఉంది. డెబియన్ లైనక్స్‌ని 11 నుంచి 12కి అప్‌గ్రేడ్ చేశావు, డిస్కులు, కన్వర్టర్ల లాంటి పరికరాల్ని చూసుకునే యూడెవ్ అనే ప్రోగ్రామ్ కూడా కొత్తది వచ్చింది. రీస్టార్ట్ చేస్తే ఎస్‌డీబీ1 కోసం చూస్తున్నానని నిమిషంన్నర ఆగి, తర్వాత ఎమర్జెన్సీ మోడ్ అంది. లోపలికి పోదామంటే రూట్ అకౌంట్, అంటే అన్ని అధికారాలూ ఉన్న అకౌంట్, లాక్ అయి ఉందంది. బయట ధాన్యం ట్రాక్టర్లు నిలబడి ఉన్నాయి, ఎవరో ఫార్మాట్ కొట్టేయమన్నారు.

ఫార్మాట్ వద్దు. నువ్వు పెట్టిన స్క్రీన్ ఫోటోలోనే సగం జవాబు ఉంది.

దానికంటే ముందు ఒక మాట. కంప్యూటర్ ఆగినా కాటా ఆగలేదు. ఇండికేటర్ మీద బరువు మామూలుగానే కనిపిస్తుంది. చేత్తో చీటీలు రాసి బండ్లు పంపేయండి. పుట్టికి 850 కిలోల లెక్క మీ గుమాస్తాకి ఏ సాఫ్ట్‌వేర్ కంటే బాగానే వచ్చు. కంగారులో ఎవరైనా ఇండికేటర్ విప్పబోతే మాత్రం ఆపు. దాని మీద సీలు తూనికలు కొలతల శాఖది, మన గొడవకీ దాని లోపలికీ సంబంధం లేదు. బండ్ల టెన్షన్ తగ్గితే మిగతా పని నింపాదిగా చేసుకోవచ్చు.

ఇప్పుడు అసలు విషయం. లైనక్స్ బూట్ అయ్యేటప్పుడు ముందు గ్రబ్ అనే బూట్ మెనూ ప్రోగ్రామ్ వస్తుంది. అది లైనక్స్ గుండెకాయ లాంటి కెర్నెల్‌నీ, ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్ అనే చిన్న తాత్కాలిక సిస్టమ్‌నీ మెమరీలోకి ఎక్కిస్తుంది. ఆ తాత్కాలిక సిస్టమ్ అసలు రూట్ డిస్కును, అంటే సిస్టమ్ ఉన్న డిస్కును, వెతికి మౌంట్ చేసి (వాడకానికి తగిలించి), పగ్గాలు మిగతా సర్వీసులన్నీ మొదలుపెట్టే సిస్టమ్‌డీ చేతికిచ్చి తప్పుకుంటుంది. ఈ క్రమంలో యూడెవ్ రెండుసార్లు నడుస్తుంది. మొదటిది ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్ లోపల దాచిన కాపీ. రెండోది అసలు డిస్కు మీద ఉన్నది. చాలామంది ఇక్కడే తికమక పడతారు. ఏ పరికరానికి ఏం చేయాలో యూడెవ్‌కి చెప్పే రూలుని డిస్కు మీద మార్చినా ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్‌ని మళ్ళీ తయారుచేయకపోతే, మొదటి కాపీ పాత రూలుతోనే నడుస్తూ ఉంటుంది.

అందుకే యూడెవ్ అప్‌గ్రేడ్ తర్వాత బూట్ కాలేదని ఎవరన్నా నేను ముందు అడిగేది, ఎక్కడ ఆగింది అని. బ్రాకెట్లలో ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్ అని ప్రాంప్ట్ వచ్చి ఆగితే రూట్ డిస్కే దొరకలేదని అర్థం. నీకు వచ్చినట్టు ఎమర్జెన్సీ మోడ్ అంటే రూట్ దొరికింది, మౌంట్ అయింది, సిస్టమ్‌డీ లేచింది, ఆ తర్వాత అడిగింది ఏదో దొరక్క మొరాయించింది. అంటే నీ గ్రబ్ బాగుంది, కెర్నెల్ బాగుంది, ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్ బాగుంది. గ్రబ్ రిపేర్ డిస్కులు తెచ్చి తిప్పడం ఇక్కడ దండగ.

మరి ఏది దొరకలేదు? ఫోటోలో రాసే ఉంది, ఎస్‌డీబీ1 అని. అది నీ బ్యాకప్ డిస్కు. మీ పీసీ సెట్ చేసినవాళ్ళు ఈటీసీ ఫోల్డర్‌లోని ఎఫ్‌ఎస్‌ట్యాబ్ ఫైల్లో, అంటే బూట్‌లో మౌంట్ చేయాల్సిన డిస్కుల జాబితాలో, దాన్ని ఆ పేరుతోనే రాసి వెళ్ళారు. ఎస్‌డీఏ, ఎస్‌డీబీ అనే పేర్లు డిస్కులు దొరికిన వరసని బట్టి కెర్నెల్ ఇచ్చేవి. గేటు దగ్గరికి ముందొచ్చిన ట్రాక్టరుకి ఒకటో నంబరు టోకెన్ ఇచ్చినట్టు. రేపు అదే ట్రాక్టరు రెండోదిగా వస్తే రెండో నంబరే. యూయూఐడీ అనేది బండి రిజిస్ట్రేషన్ నంబరు లాంటిది, వరస మారినా మారదు. డెబియన్ 12తో కెర్నెల్ 5.10 నుంచి 6.1కి మారింది, యూడెవ్ 247 నుంచి 252కి మారింది. రెండూ ఒకే రీస్టార్ట్‌లో అమల్లోకి వచ్చాయి. డిస్కుల వరస తారుమారై ఉండాలి. తిట్లు మాత్రం యూడెవ్‌కి పడ్డాయి.

పేర్లు ఇచ్చేది యూడెవ్ కాదా అని అడగొచ్చు. ఒకప్పుడు డివైస్ ఫైళ్ళు తయారుచేసేది అదే. 2003లో గ్రెగ్ క్రోవా హార్ట్‌మన్ దాన్ని మొదలుపెట్టినప్పుడు ఉద్దేశం అదే, అంతకుముందున్న డెవ్‌ఎఫ్‌ఎస్ బదులు. 2009లో కెర్నెల్ 2.6.32లో డెవ్‌టీఎంపీఎఫ్‌ఎస్ వచ్చాక అసలు డివైస్ ఫైలుని కెర్నెలే సృష్టిస్తోంది. యూడెవ్ దాని మీద అనుమతులు పెడుతుంది, గ్రూపు పెడుతుంది, బై-యూయూఐడీ లాంటి లింకులు కడుతుంది, నెట్‌వర్క్ కార్డుకైతే పేరు మారుస్తుంది. 2012లో సిస్టమ్‌డీలో కలిపేశారు కాబట్టి ఇప్పుడు రెండూ కలిసే అప్‌గ్రేడ్ అవుతాయి. ఈ పని విభజన తెలిస్తే ఎవరిని అనుమానించాలో తెలుస్తుంది. డివైసే కనపడకపోతే కెర్నెల్ వైపు చూడు. డివైస్ ఉండి లింకో, అనుమతో లేకపోతే యూడెవ్ వైపు చూడు.

ఇక రిపేరు. కమాండ్లు పలికినట్టే రాస్తున్నాను, టైప్ చేసేటప్పుడు ఇంగ్లీషు చిన్న అక్షరాల్లో కొట్టు. ఎఫ్‌ఎస్‌ట్యాబ్‌లో రాసే యూయూఐడీ అనే మాట, యూడెవ్ రూళ్ళలోని కీల పేర్లు మాత్రం పెద్ద అక్షరాల్లో ఉండాలి.

రూట్ అకౌంట్ లాక్ అని ఎందుకు వచ్చిందంటే, డెబియన్ ఇన్‌స్టాల్ చేసేటప్పుడు రూట్ పాస్‌వర్డ్ ఖాళీగా వదిలేస్తే ఆ అకౌంట్‌ని మూసేసి మామూలు యూజర్‌కి సుడో, అంటే రూట్ అధికారంతో కమాండ్లు నడిపే వీలు, ఇస్తుంది. రోజూ వాడకానికి మంచిదే. ఎమర్జెన్సీ మోడ్‌కి మాత్రం రూట్ పాస్‌వర్డే కావాలి, అది లేదు కాబట్టి తలుపు తెరుచుకోదు. దొడ్డిదారి ఉంది. రీస్టార్ట్ చేసి గ్రబ్ మెనూ దగ్గర ఆపు, మెనూ కనపడకపోతే స్టార్ట్ అవుతుండగా ఎస్కేప్ గానీ షిఫ్ట్ గానీ నొక్కు. మొదటి ఎంట్రీ మీద నిలబడి "ఇ" అక్షరం నొక్కు. "లైనక్స్" అనే పదంతో మొదలయ్యే పొడుగు లైను చివరికి పోయి, "ఆర్‌ఓ" ఉన్నచోట "ఆర్‌డబ్ల్యూ" చేసి, "క్వయట్" తీసేసి, చివర "ఇనిట్ ఈక్వల్‌టు స్లాష్ బిన్ స్లాష్ బ్యాష్" అని చేర్చు. కంట్రోల్ ఎక్స్ నొక్కితే బూట్ అయి నేరుగా రూట్ ప్రాంప్ట్‌కి వస్తావు. ఈ మార్పు ఆ ఒక్క బూట్‌కే, ఎక్కడా సేవ్ కాదు.

అక్కడ "ఎల్‌ఎస్‌బీఎల్‌కే" కొట్టి హైఫన్ ఎఫ్ పెట్టు. డిస్కులు, వాటి పార్టిషన్లు, యూయూఐడీలు కనిపిస్తాయి. ఏ లింకు లేకపోయినా "బీఎల్‌కేఐడీ" కమాండ్ నేరుగా డిస్కుని చదివి చెబుతుంది. హైఫన్ ఎఫ్ లేకుండా ఒట్టి "ఎల్‌ఎస్‌బీఎల్‌కే" కొడితే సైజులు కనిపిస్తాయి, వాటిని బట్టి బ్యాకప్ పార్టిషన్ ఏదో పోల్చుకో. అసలు ఆ డిస్కే జాబితాలో లేకపోతే ఇక సాఫ్ట్‌వేర్ గొడవ కాదు, క్యాబినెట్ విప్పి సాటా కేబులూ పవర్ కనెక్టరూ చూడు. మిల్లులో తవుడు దుమ్ముకి కనెక్టర్లు వదులవడం నేను చాలాచోట్ల చూశాను.

డిస్కు ఉంటే ఎఫ్‌ఎస్‌ట్యాబ్‌ని ముందు వేరే పేరుతో కాపీ చేసి పెట్టుకుని, నానో అనే ఎడిటర్‌తో తెరువు. ఎస్‌డీబీ1 ఉన్నచోట "యూయూఐడీ ఈక్వల్‌టు" పెట్టి ఆ నంబరు రాయి. ఆప్షన్ల కాలమ్‌లో డీఫాల్ట్స్ తర్వాత కామా పెట్టి "నోఫెయిల్" చేర్చు. ఈ ఒక్క పదం లేకనే నువ్వు ఇక్కడ ఇరుక్కున్నావు. ఎఫ్‌ఎస్‌ట్యాబ్‌లో రాసిన ప్రతి డిస్కూ బూట్‌కి తప్పనిసరని సిస్టమ్‌డీ అనుకుంటుంది, 90 సెకన్లు చూసి రాకపోతే మొత్తం బూట్‌నే ఆపేస్తుంది. బ్యాకప్ డిస్కు, పెన్‌డ్రైవ్, ఇంకో మెషీన్ షేర్, వీటికి నోఫెయిల్ లేకుండా లైను రాయడం నా దృష్టిలో నిర్లక్ష్యమే. స్వాప్ లైను కూడా చూడు, అక్కడా పాత పేరుంటే యూయూఐడీకి మార్చు. సేవ్ చేసి, "సింక్" కొట్టి, "రీబూట్ హైఫన్ ఎఫ్" కొట్టు. మామూలు రీబూట్ ఇక్కడ పనిచేయదు, ఎందుకంటే సిస్టమ్‌డీ నడవడం లేదు, నువ్వు నేరుగా బ్యాష్‌లో ఉన్నావు.

ఇంతవరకు చేస్తే డెస్క్‌టాప్ రావాలి. రాగానే లెడ్జర్ ఫోల్డర్‌ని పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేసుకో. ఆ తర్వాత "డీపీకేజీ" కమాండ్‌కి రెండు హైఫన్లు పెట్టి కాన్ఫిగర్, హైఫన్ ఏ అని కొట్టు. అప్‌గ్రేడ్ మధ్యలో ఎప్పుడైనా కరెంటు పోయి సగం సెట్ అయిన ప్యాకేజీలు మిగిలిపోతే అది పూర్తిచేస్తుంది. చివరగా "అప్‌డేట్ హైఫన్ ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్", హైఫన్ యు, హైఫన్ కె, ఆల్. అంతకుముందు "డీఎఫ్ హైఫన్ హెచ్"తో బూట్ పార్టిషన్‌లో ఖాళీ ఉందో లేదో చూడు. నిండిపోతే ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్ సరిగా తయారుకాక, ఇప్పుడు లేని సమస్యని కొత్తగా తెచ్చుకుంటావు. వాడని పాత కెర్నెళ్ళని ఆప్ట్‌తో తీసెయ్యి, ఒక్క పాతదాన్ని మాత్రం ఉంచుకో, అది నీకు ఇన్సూరెన్స్.

బూట్ అయ్యాక నీకు రెండో తలనొప్పి రావచ్చు, బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ కాటా కనపడలేదంటుంది. ఒంగోలు, చీమకుర్తి వైపు గ్రానైట్ యూనిట్లలో కూడా ఇదే సెటప్ ఉంటుంది కాబట్టి ఇది కాస్త విడమరిచి చెబుతాను.

మీ పీసీలో ఈటీసీ, యూడెవ్, రూల్స్.డి ఫోల్డర్‌లో కాటా పేరుతో ఒక రూలు ఫైలు ఉంటుంది, కన్వర్టర్ ఏ పోర్టుకి తగిలించినా సాఫ్ట్‌వేర్‌కి ఒకే పేరుతో కనపడేలా. ఇలాంటి రూళ్ళు ఎక్కువభాగం పదిహేనేళ్ళ కిందటి నోట్సులోంచి ఎత్తి రాసినవి. పాత రాతలో "నేమ్" అనే కీతో డివైస్‌కి పేరు పెట్టేవాళ్ళు. ఇప్పుడు ఆ కీ నెట్‌వర్క్ కార్డులకే చెల్లుతుంది, మిగతావాటికి యూడెవ్ పట్టించుకోదు. "సిస్‌ఎఫ్‌ఎస్", "బస్" అనే కీలు ఎప్పుడో పోయాయి, వాటి బదులు "ఏటీటీఆర్‌ఎస్", "సబ్‌సిస్టమ్స్" రాయాలి. గ్రూపు పేరు సిస్టమ్‌లో లేనిదైతే ఆ ముక్కని వదిలేస్తుంది. ఇవన్నీ లాగ్‌లో ఒక లైను రాసి ఊరుకుంటాయి, స్క్రీన్ మీద ఏ ఎర్రరూ రాదు. "జర్నల్‌సీటీఎల్ హైఫన్ బి హైఫన్ యు సిస్టమ్‌డీ-యూడెవ్‌డీ" అని చూస్తే ఫైలు పేరూ లైను నంబరూ చెప్పి మరీ ఫిర్యాదు చేస్తుంది.

కొత్త రూలు ఒక్క లైను చాలు. సబ్‌సిస్టమ్ టీటీవై అయి, ఏటీటీఆర్‌ఎస్ కీలో ఐడీ వెండర్ 1ఏ86, ఐడీ ప్రొడక్ట్ 7523 అయితే, "సిమ్‌లింక్ ప్లస్ ఈక్వల్‌టు" కాటా, గ్రూపు డయలౌట్, మోడ్ 0660. ఆ రెండు నంబర్లు సీహెచ్340 చిప్ వాడే చవక కన్వర్టర్లవి. నీది ఏదో "ఎల్‌ఎస్‌యూఎస్‌బీ" చెబుతుంది. పోల్చే కీలకి రెండు ఈక్వల్‌టు గుర్తులు, ఇచ్చే కీలకి ఒకటి అని మర్చిపోవద్దు, సగం రూళ్ళు అక్కడే పాడవుతాయి. తర్వాత "యూడెవ్ఏడీఎం కంట్రోల్"కి రెండు హైఫన్లు పెట్టి రీలోడ్ ఇచ్చి, "యూడెవ్ఏడీఎం ట్రిగ్గర్" కొట్టు. రీస్టార్ట్ అక్కర్లేదు. "యూడెవ్ఏడీఎం టెస్ట్"కి డివైస్ దారి ఇస్తే ఏ రూలు ఏ వరసలో తగిలిందో మొత్తం చెబుతుంది. డెబియన్ 13లో "యూడెవ్ఏడీఎం వెరిఫై" అని రూలు ఫైళ్ళ తప్పులు పట్టే కమాండ్ కూడా ఉంది, నీ 252లో ఇంకా రాలేదు.

ఒకే పీసీకి రెండు సీహెచ్340 కన్వర్టర్లు ఉంటే, అంటే కాటాకి ఒకటీ, తేమ మీటరుకో ఇంకోదానికో ఒకటీ ఉంటే, ఈ రూలు రెండింటికీ తగులుతుంది. సాధారణంగా ఆ చిప్‌లో విడి సీరియల్ నంబరు ఉండదు, అందుకని ఒకదాన్నుంచి ఇంకోదాన్ని వేరు చెయ్యలేం. పోర్టుని బట్టి రూలు రాసి, ఆ పోర్టు మీద స్కెచ్‌పెన్‌తో కాటా అని రాయడమే దారి. లేదా కాస్త ఎక్కువ పెట్టి ఎఫ్‌టీడీఐ చిప్ ఉన్న కన్వర్టర్ కొనుక్కో, దానికి సీరియల్ నంబరు ఉంటుంది. మిల్లు యజమానికి ఆ ఖర్చు గురించి చెప్పడానికి మొహమాటపడకు.

కన్వర్టర్ తగిలించగానే వచ్చి వెంటనే మాయమైపోతోందా? కెర్నెల్ సందేశాలు చూపే "డీఎంఈఎస్‌జీ"లో బీఆర్‌ఎల్‌టీటీవై అనే మాట ఉందేమో చూడు. అది చూపులేనివాళ్ళు వాడే బ్రెయిల్ పరికరాల ప్రోగ్రామ్. కొన్ని బ్రెయిల్ పరికరాల్లోనూ ఇవే సీరియల్ చిప్‌లు ఉండటంతో, దాని యూడెవ్ రూలు మన కన్వర్టర్‌ని తనదే అనుకుని లాక్కుంటుంది. ఉబుంటు 22.04 వచ్చినప్పుడు దీంతో చాలామంది అవస్థపడ్డారు. ఆ పీసీలో బ్రెయిల్ డిస్‌ప్లే వాడేవాళ్ళు లేకపోతే ఆ ప్యాకేజీ తీసేస్తే సరి. ఉంటే తీయకు, దాని రూలు ఫైల్లో నీ చిప్ లైను ఒక్కటే పక్కన పెట్టు.

ఇంకో చోటా జాగ్రత్త. రూల్లో "రన్" కీ పెట్టి బరువు చదివే స్క్రిప్ట్‌నే నేరుగా నడిపే సెటప్‌లు చూశాను. యూడెవ్ దాన్ని ఎక్కువసేపు బతకనివ్వదు, చంపేస్తుంది. రన్‌తో పెన్‌డ్రైవ్ మౌంట్ చేసినా మిగతా సిస్టమ్‌కి కనపడదు. ఎడతెగకుండా నడవాల్సినదాన్ని సిస్టమ్‌డీ సర్వీసుగా రాయాలి.

నెట్‌వర్క్ సంగతి తొందరగా చెప్పేస్తాను. బూట్‌లో "రైజ్ నెట్‌వర్క్ ఇంటర్‌ఫేసెస్" దగ్గర ఐదు నిమిషాలు ఆగుతుంటే లాన్ కార్డు పేరు మారిందని అనుమానించు. ఇంటర్‌ఫేసెస్ ఫైల్లో ఈటీహెచ్0 అని ఉంటుంది, సిస్టమ్‌లో ఈఎన్‌పీ3ఎస్0 లాంటిది ఉంటుంది. పాతకాలం 70-పర్సిస్టెంట్-నెట్ రూలు ఫైలు మీద ఆధారపడొద్దు, డెబియన్ 10 నుంచే దానికి మద్దతు లేదు. ఈటీసీ, సిస్టమ్‌డీ, నెట్‌వర్క్ ఫోల్డర్‌లో డాట్ లింక్ ఫైలు ఒకటి పెట్టి, మ్యాక్ అడ్రసు రాసి, లాన్0 అని నీకు నచ్చిన పేరు ఇచ్చుకో. ఈటీహెచ్0 అనే పేరే మళ్ళీ ఇవ్వొద్దు, కెర్నెల్ ఇచ్చే పేరుతో పోటీ పడుతుంది.

నీకు కాదుగానీ, ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్ ప్రాంప్ట్ దగ్గరే ఆగినవాళ్ళకి. అక్కడ ముందు "క్యాట్ స్లాష్ ప్రోక్ స్లాష్ సీఎండీలైన్" కొట్టి ఏ యూయూఐడీని వెతుకుతోందో చూడండి, తర్వాత "బీఎల్‌కేఐడీ" కొట్టి అది ఉందో లేదో చూడండి. డిస్కే లేకపోతే గ్రబ్‌లో అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్ నుంచి పాత కెర్నెల్‌తో ప్రయత్నించండి. దాంతో బూట్ అయితే కొత్త ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్‌లో డ్రైవర్ లేదన్నమాట, అక్కడి నుంచే దాన్ని మళ్ళీ తయారుచేయండి. పాత కెర్నెల్‌తోనూ లేకపోతే, తేదీ కూడా పాత సంవత్సరానికి పోయి ఉంటే, మదర్‌బోర్డు మీద సీఆర్2032 సెల్లు అయిపోయి బయోస్ సెట్టింగులు మొదటికొచ్చాయేమో చూడండి. సాటా మోడ్ ఏహెచ్‌సీఐ నుంచి రెయిడ్‌కి మారిపోతే డిస్కు కనపడకపోవచ్చు. అప్‌గ్రేడ్ చేసిన రోజే ఇది జరగడం యాదృచ్ఛికం కాదు, చాలా నెలల తర్వాత పీసీని పూర్తిగా ఆపి ఆన్ చేసింది ఆ రోజే కాబట్టి.

పాత కెర్నెల్ కూడా లేకపోతే డెబియన్ లైవ్ పెన్‌డ్రైవ్‌తో బూట్ చేసి, రూట్ పార్టిషన్‌ని ఎంఎన్‌టీ కింద మౌంట్ చేసి, బూట్ విడి పార్టిషన్ అయితే దాన్నీ దాని చోట మౌంట్ చేసి, డెవ్, ప్రోక్, సిస్, రన్ నాలుగింటినీ బైండ్ చేసి, "సీహెచ్‌రూట్"తో లోపలికి వెళ్ళి పైన చెప్పిన డీపీకేజీ, అప్‌డేట్ ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్ కమాండ్లే నడపండి. బూట్ పార్టిషన్ మౌంట్ చేయడం మర్చిపోతే కొత్త ఫైలు తప్పుడు చోట తయారై, అన్నీ చేసినా మళ్ళీ అదే ప్రాంప్ట్ వస్తుంది.

చేయకూడనిది ఒకటి చెప్పాలి. యూడెవ్ ఒక్కదాన్నే వెనక్కి పాత వెర్షన్‌కి దించొద్దు. అది సిస్టమ్‌డీతో ఒకే మూలం నుంచి వస్తుంది, రెండూ వేర్వేరు వెర్షన్లలో ఉంటే ఎక్కడ తెగుతుందో ఎవరూ చెప్పలేరు. రూల్స్.డి ఫోల్డర్ మొత్తం తుడిచేయమనే సలహా కూడా అలాంటిదే. యూడెవ్ తన సొంత రూళ్ళని యూఎస్‌ఆర్ కింద ఉంచుకుంటుంది, ఈటీసీలో ఉన్నవి మీవాళ్ళు రాసినవి. అవి పోతే కాటా రూలు మళ్ళీ ఎవరు రాయాలి?

13కి మాత్రం ఇప్పుడే పోవద్దు, కోతలు అయిపోనీ. పోయేటప్పుడు "యూనేమ్ హైఫన్ ఎం" కొట్టి చూడు. ఐ686 అని వస్తే అది 32 బిట్ సిస్టమ్, డెబియన్ 13లో దానికి కెర్నెల్ ఇవ్వడం లేదు, 64 బిట్‌తో కొత్తగా పెట్టుకోవాల్సిందే.

ఎఫ్‌ఎస్‌ట్యాబ్ మార్చాక కూడా ఆగితే కొత్త స్క్రీన్ ఫోటో, "ఎల్‌ఎస్‌బీఎల్‌కే హైఫన్ ఎఫ్" వచ్చిన తెర, ఎఫ్‌ఎస్‌ట్యాబ్ ఫైలు, ఈ మూడూ పెట్టు. కాటా ఒక్కటే రాకపోతే "ఎల్‌ఎస్‌యూఎస్‌బీ" తెర, నీ రూలు ఫైలు చాలు. లింకు వచ్చి కూడా బరువు బదులు పిచ్చి అక్షరాలు కనిపిస్తే యూడెవ్‌ని వదిలెయ్, సాఫ్ట్‌వేర్‌లో పెట్టిన బాడ్ రేటు, అంటే సీరియల్ లైను వేగం, ఇండికేటర్‌లో ఉన్నదీ ఒకటేనా చూసుకో, 9600 లేదా 2400 ఉంటుంది సాధారణంగా.